నార్మల్ సారు కన్ను

యంత్రం బాగానే ఉంది. ఆ మాట ముందే చెప్పేస్తే ఈ కథ వినేవాళ్ళకి నష్టమేమీ లేదు. నష్టమంతా దాన్ని నాలుగేళ్ళపాటు నమ్మని మనిషిదే. చెడింది అతని కన్ను. పోనీ అతనొక్కడి కన్నే అయితే, చేసుకున్నవాడికి చేసుకున్నంత అని ఊరుకోవచ్చు. కానీ గ్లాకోమా ఒక్కొక్క కన్నునీ వెతుక్కుంటూ రాదు, రక్తసంబంధం పట్టుకుని వస్తుంది. అతనికొక అక్క ఉంది. ఆ అక్క రోజూ పొద్దున వ్యాను నిండా పిల్లల్ని ఎక్కించుకుని బడికి తీసుకెళ్తుంది.

అతను కంటి డాక్టరు, అందులోనూ గ్లాకోమా మీద పరిశోధన చేసేవాడు. పాతవాళ్ళు నీటికాసులు అంటారే, ఆ జబ్బు. కంటి నుంచి మెదడుకి చూపు మోసుకెళ్ళే నరం పోగు తర్వాత పోగు ఎండిపోతుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చూపు అంచుల నుంచి తగ్గుతూ వస్తుంది గానీ ఎదురుగా ఉన్నది చివరిదాకా కనబడుతూనే ఉంటుంది కాబట్టి మనిషికి అనుమానం రాదు. ఈ నాలుగు ముక్కలూ అతను రోగులకీ, విద్యార్థులకీ, ఒక్కోసారి లిఫ్టులో పక్కన ఇరుక్కున్నవాళ్ళకీ చెప్పేవాడు. చివర్లో వేలు పైకెత్తి, "ఇంట్లో ఒకరికుందంటే అన్నదమ్ముల్నీ అక్కచెల్లెళ్ళనీ పిల్లల్నీ పట్టుకురండి. మాకు బాగానే కనిపిస్తోందంటారు. నమ్మకండి" అనేవాడు. చెప్పడంలో అతన్ని మించినవాడు లేడు.

ఆస్పత్రి వెనక భాగంలో మూడో అంతస్తులో అతని ల్యాబు. ముందు గదిలో స్కానరు. కాంతితో కంటి లోపలి నరాల పొర మందాన్ని కొలుస్తుంది. కిటికీకి నల్ల తెర, గోడకి తెల్ల బోర్డు, గడ్డం ఆనించే పలక పక్కన స్పిరిట్ సీసా. వెనక గదిలో ఫ్రిజ్జుల నిండా రక్తపు ట్యూబులు. జబ్బున్న కుటుంబాల కళ్ళు ముందు గదిలో ఫొటో తీస్తారు, వాళ్ళ జన్యువుల్లో ఏ అక్షరం మారిందో వెనక గదిలో చూస్తారు. ఈ రెండూ కలిపితే జబ్బు ఎవరికి వస్తుందో, ఎంత వేగంగా ముదురుతుందో ముందే పసిగట్టవచ్చని పరిశోధన.

ల్యాబులో ఒక ఆచారం ఉండేది. ప్రతి సోమవారం మొదటి రోగి రాకముందు స్కానరు సరిగ్గా కొలుస్తోందో లేదో చూడడానికి ఒక ఆరోగ్యమైన కన్ను పెట్టి చూసేవారు. ఆ కన్ను డాక్టరుదే, కుడిది. అందుకు వేరే ప్లాస్టిక్ కన్నొకటి యంత్రంతో పాటే వచ్చింది గానీ, అది డబ్బాలోనే ఉండిపోయింది. "ప్లాస్టిక్కి ఏం తెలుసు?" అనేవాడు అతను. అసలు సంగతి వేరు. అతని కంటి నరం చూడముచ్చటగా ఉండేది. పాఠం చెప్పేటప్పుడు "ఆరోగ్యమైన నరం అంటే ఇదీ" అని తెర మీద చూపించే బొమ్మ తన కన్నుదే. అది తనదని చెప్పేవాడు కాదు, ఎవరైనా అడుగుతారేమోనని కాసేపు ఆగేవాడు. అలా అతనికి ల్యాబులో నార్మల్ సారు అని పేరు పడింది. వెక్కిరింపని తెలిసినా లోలోపల మురిసిపోయేవాడు.

స్కానరు నడిపే ఆవిడకి టీచరమ్మ అని పేరు. ఎనభై ఏళ్ళ రోగిని కూడా "గడ్డం ఆనించండి, కదలకండి, పక్కకి చూస్తే మళ్ళీ మొదటికొస్తాం" అని ఒకటో తరగతి పిల్లాణ్ణి గదమాయించినట్టు గదమాయిస్తుంది. మొదట్లో ఆవిడ ప్రతి సోమవారం బోర్డు మీద డాక్టరు కంటి నరాల పొర మందం తొంభై ఎనిమిది అని రాసేది; పొర పలచబడితే అంకె తగ్గుతుంది. తర్వాత తొంభై ఆరైంది. మరుసటి ఏడాది తొంభై రెండు.

"టీచరమ్మా, యంత్రం పాడైంది" అన్నాడు డాక్టరు.

అద్దం తుడిపించాడు. బల్ల కింద చెక్కముక్క పెట్టించి ఎత్తు సరిచేయించాడు. ఏసీ గాలి తగులుతోందని దాని మూతి అవతలి వైపుకి తిప్పించాడు. అయినా అంకె తొంభైకి దిగింది. కంపెనీ ఇంజనీరుని పిలిపించాడు. అతను డబ్బాలోంచి ప్లాస్టిక్ కన్ను తీసి పెట్టి చూపించాడు. యంత్రం కొన్న రోజున ఎంత చూపించిందో సరిగ్గా అంతే చూపించింది.

"చూశారుగా సార్, బాగానే ఉంది."

"బొమ్మ కన్నుకి రక్తమాంసాలున్నాయా? నిజమైన కన్ను పెడితే తెలుస్తుంది దీని బండారం. ఇదిగో, నా కన్ను పెడతాను చూడు."

పెట్టాడు. ఎనభై తొమ్మిది వచ్చింది. "చూశావా?" అన్నాడు గెలిచినట్టు. ఇంజనీరు ఏవో రెండు మరలు బిగించి, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. ఆడలేక మద్దెల ఓడు అనేది పాతమాట. మద్దెలకి మరమ్మతు చేయించినవాడు మాత్రం ఇతనే అయి ఉంటాడు.

యంత్రం ఒక్కటే చెబితే యంత్రం తప్పనుకోవచ్చు. రక్తం కూడా చెప్పింది. వెనక గదిలో జన్యువుల పని చూసే శాస్త్రవేత్త, ఏ మాటైనా "సూక్ష్మంగా చెప్పాలంటే" అని మొదలుపెట్టి అరగంట చెబుతుంది కాబట్టి ఆవిణ్ణి అందరూ సూక్ష్మంగారు అంటారు. పోల్చి చూడడానికి జబ్బులేనివాళ్ళ రక్తం కూడా కొంత తీసి పెట్టారు; ఆ ట్యూబుల మీద పేర్లుండవు, నంబర్లే. ఒక రోజు ఆవిడ వచ్చి కూర్చుంది.

"సూక్ష్మంగా చెప్పాలంటే, జబ్బులేనివాళ్ళ ట్యూబుల్లో పదిహేడో దాంట్లో మనం వెతుకుతున్న అక్షరం మార్పే ఉంది. ఆ మనిషికి జబ్బు వచ్చే అవకాశం చాలా ఎక్కువ. వచ్చేసి కూడా ఉండొచ్చు. ఎవరో కనుక్కుని పిలిపిద్దామా?"

"జబ్బులేనివాళ్ళని నేనే ఏరి ఏరి పెట్టాను. వాళ్ళలో అదెలా ఉంటుందండీ? ట్యూబులు తారుమారై ఉంటాయి. తీసి పక్కన పెట్టండి."

"రెండుసార్లు చూశాను."

"మూడోసారి కూడా చూస్తారా? పక్కన పెట్టండి" అన్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ల్యాబు మొదలైన కొత్తలో, ఉత్సాహం కొద్దీ, ఆ ట్యూబుల వరసలో తనూ చెయ్యి చాపి రక్తమిచ్చిన సంగతి అతనికి గుర్తే రాలేదు.

ఆదివారాలు అక్కయ్య ఇంట్లో భోజనం. అక్క అతనికన్నా అయిదేళ్ళు పెద్దది. పిల్లలు ఆమెని వ్యానత్త అంటారు. ఆమెకి ఆ వ్యానంటే ప్రాణం. ఏ సందులో ఏ పిల్లాడు బూటు లేసు కట్టుకోకుండా వస్తాడో, ఏ పిల్ల ఎక్కగానే నిద్రపోతుందో అన్నీ తెలుసు. ఒక్కటే లోపం: వ్యానుకి ఎడమ వైపంతా నొక్కులు. గేటు స్తంభం ఒకసారి, చెత్తకుండీ ఒకసారి, ఆగి ఉన్న సైకిలు ఒకసారి. ఆ నొక్కులు ఆ ఇంట్లో ఆదివారం వినోదం.

"అక్కా, ఎడమ వైపు సగం ధరకి వస్తుందని కొన్నావా ఆ వ్యాను?" అనేవాడు డాక్టరు, అన్నం కలుపుకుంటూ.

"వ్యానుదేముందోయ్, ఇంట్లో నడిచినా ఎడమ వైపు నేనుంటే నాకూ నొక్కులే" అనేవాడు బావ.

అందరూ నవ్వేవారు. అక్క అందరికన్నా ఎక్కువ నవ్వేది. గ్లాకోమా మీద అన్ని వ్యాసాలు రాసిన మనిషి కూడా నవ్వి, పెరుగు వడ్డించుకునేవాడు.

అంకె ఎనభై నాలుగుకి దిగేసరికి అతను రోగుల్ని చూడడం తగ్గించి ఆస్పత్రి డైరెక్టరుకి ఉత్తరాలు రాయడం పెంచాడు. ఈ యంత్రం నమ్మదగింది కాదు, దీని వల్ల పరిశోధన మొత్తం బూడిదలో పోసిన పన్నీరవుతుంది, కొత్తది కావాలి. డైరెక్టరు అతన్ని వరండాలో చూస్తే మెట్ల వైపుకి మళ్ళేవాడు. చివరికి పోరు పడలేక కొత్త స్కానరు తెప్పించాడు.

అది వచ్చిన సోమవారం ల్యాబులో అందరూ చేరారు. డైరెక్టరు, సూక్ష్మంగారు, పెట్టె మోసుకొచ్చిన ఇద్దరు మనుషులు, వాళ్ళు కూడా పోకుండా నిలబడ్డారు. డాక్టరు అద్దాలు తీసి జేబులో పెట్టుకుని, గడ్డం ఆనించి, కన్ను పెద్దగా తెరిచాడు. యంత్రం చిన్నగా మూలిగింది. టీచరమ్మ బోర్డు మీద అంకె వెయ్యలేదు, అలాగే నిలబడింది.

"ఎంత?"

"ఎనభై రెండు, సార్."

"అయితే ఇదీ చెడిపోయే వచ్చింది" అన్నాడు డాక్టరు.

డైరెక్టరు మొహం చూసి, మాట నిరూపించాలని, టీచరమ్మని కూర్చోబెట్టాడు. నూటొకటి వచ్చింది. సూక్ష్మంగారికి తొంభై ఏడు. డైరెక్టరుకి తొంభై అయిదు. పెట్టె మోసిన ఇద్దర్నీ కూర్చోబెట్టాడు, వాళ్ళ కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. తర్వాత కూర్చోబెట్టడానికి గదిలో ఎవరూ మిగల్లేదు. పెట్టె మోసిన పెద్దాయన జాలిగా, "మీరొకసారి ఎవరికన్నా చూపించుకోండి బాబూ" అన్నాడు.

అందరూ వెళ్ళాక అతను తలుపు వేసుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఇన్నేళ్ళ సోమవారాల బొమ్మలన్నీ అందులో ఉన్నాయి. అతనెప్పుడూ అంకె చూశాడే గానీ బొమ్మ చూడలేదు. తన నరం ఎలా ఉంటుందో తనకి తెలుసు కదా. మొదటిది, మధ్యది, నిన్నమొన్నటిది పక్కపక్కన పెట్టాడు. ఇది వేరేవాళ్ళ కన్నయితే అరనిమిషంలో చెప్పేవాడు. నరం మధ్యలో ఉండే గుంట పెద్దదైంది, కింది అంచు కొరుక్కుతిన్నట్టుంది. అంత చదువూ చదివి, గురివింద గింజ పాటి చేశాడు. దాని నలుపు దానికి కనబడదంటారు, ఇతను వారం వారం బోర్డు మీద అంకె చూసుకుని మరీ కనబడలేదన్నాడు. ఒక్కడే కూర్చుని గట్టిగా నవ్వాడు. నవ్వుతుండగానే అక్క వ్యాను గుర్తొచ్చింది.

లేచి టీచరమ్మ దగ్గరికి వెళ్ళి చూపు పరిధి పరీక్ష చెయ్యమన్నాడు. పెద్ద తెల్ల గిన్నె లాంటి దాంట్లో మొహం పెట్టి, మధ్యలో చుక్కనే చూస్తూ, పక్కన ఎక్కడ వెలుగు మెరిసినా చేతిలో మీట నొక్కాలి. కొన్ని వేలమందికి చెప్పిన సంగతే. మెరుపులు ఎంతసేపటికొకసారి వస్తాయో అతనికి కంఠస్థం. కనబడకపోయినా ఆ లెక్కన మీట నొక్కుతూ పోయాడు. ఈ మనిషి వెలుగు లేకుండానే నొక్కుతున్నాడు, నమ్మడానికి లేదు అని యంత్రం కాగితం మీద అచ్చేసి ఇచ్చింది.

"నిజం చెప్పండి సార్, మళ్ళీ మొదటికొస్తాం" అంది టీచరమ్మ. రెండోసారి బుద్ధిగా నొక్కాడు. కుడి కంటికి పైన ఒక మూల చీకటి ఉంది.

సూక్ష్మంగారి గదికి వెళ్ళి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "ఆ పదిహేడో ట్యూబు..."

"పారెయ్యలేదు. మీరు పక్కన పెట్టమన్నారు, పెట్టాను" అంది ఆవిడ సూది గుచ్చి రక్తం తీస్తూ. మర్నాడు మధ్యాహ్నం ఆవిడే అతని గదికి వచ్చింది. ఈసారి సూక్ష్మంగా చెప్పాలంటే అనలేదు. "మీదే. అదే అక్షరం" అని, "మీకు తోబుట్టువులున్నారా?" అని అడిగింది.

"అక్క."

"సగానికి సగం అవకాశం. తెలుసుగా."

తెలుసు. ఆ వాక్యం రాసిందే అతను. వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇంత అసహ్యంగా ఉంటుందని మాత్రం తెలియదు.

సాయంత్రం వెళ్ళేసరికి అక్క గొట్టంతో వ్యాను కడుగుతోంది. ఎడమ వైపు నురగ అలాగే ఉంది. అతను దారంతా మాటలు కూడదీసుకున్నాడు, రోగుల ఇళ్ళవాళ్ళకి చెప్పే మాటలే. తీరా నోరు తెరిస్తే, "అక్కా, రేపు వ్యాను తియ్యకు" అని వచ్చింది.

"ఏం, నా లైసెన్సు నీ జేబులో ఉందా?"

"ఒకసారి నీ కళ్ళు చూడాలి."

"నా కళ్ళకేమైందిరా? సూదిలో దారం ఎక్కిస్తాను, చూస్తావా? బాగానే కనిపిస్తోంది."

నమ్మకండి అని వేలెత్తి చెప్పే మనిషికి వేలు లేవలేదు. "నాకు బాగాలేదక్కా. కన్ను. నరం పోతోంది. రేపు చుక్కలేసి చూస్తారు, ఒక్కణ్ణే తిరిగి రాలేను. తోడు వస్తావేమోనని."

గొట్టం కింద పడేసింది. తడి చేతులతోనే అతని మొహం పట్టుకుని రెండు కళ్ళలోకీ మార్చి మార్చి చూసింది, చూస్తే తెలిసిపోతుందన్నట్టు. "ఎప్పట్నుంచిరా? ఎవరికీ చెప్పకుండా కూర్చున్నావా? నువ్వొక డాక్టరువి!" అని తిట్టి, అక్కడే ఫోను తీసి, రేపటికి పిల్లల్ని తీసుకెళ్ళమని పక్క వీధి డ్రైవరుని బతిమాలింది. అతని కోసం అయితే ఒక్క మాటకి ఒప్పుకుంది. ఆ తేలికే అతనికి సిగ్గనిపించింది.

మర్నాడు ల్యాబులో, "ఎలాగూ వచ్చావు, ఊరికే కూర్చోవడమెందుకు" అని అక్కని గిన్నె ముందు కూర్చోబెట్టాడు. కుడి కన్ను ముందు చేశారు. చకచకా నొక్కింది, అక్కడక్కడ మాత్రమే తప్పింది. టీచరమ్మ కళ్ళగంత కుడి కంటికి మార్చి, ఎడమ కన్ను మొదలుపెట్టింది. యంత్రం టిక్కు టిక్కుమంటోంది. గిన్నెలో వెలుగులు మెరుస్తున్నాయి. అక్క మీట పట్టుకుని ఓపిగ్గా కూర్చుంది.

కాసేపటికి, "ఇంకా మొదలుపెట్టలేదామ్మా?" అంది.

మొదలైందని ఎవరూ చెప్పలేదు. పరీక్ష అయిపోయేదాకా అతను ఆ చీకటి గదిలో గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

తర్వాత తన గదిలో అక్కని కూర్చోబెట్టి, కాగితం ముందు పెట్టాడు. కుడి కన్ను చాలావరకు తెల్లగా ఉంది. ఎడమది మధ్యలో చిన్న తెల్ల మచ్చ తప్ప అంతా నలుపు.

"ఈ నలుపంతా ఏమిటి?"

"కనబడనిది."

అక్క కుడి కంటి మీద చెయ్యి పెట్టుకుని గదంతా చూసింది. చెయ్యి తీసింది. మళ్ళీ పెట్టుకుంది. "నిజమేరా" అంది నెమ్మదిగా. "నేనెప్పుడూ ఇలా మూసి చూసుకోలేదు. పిల్లలకేమీ కాలేదు కదా, దేవుడి దయ... పిల్లల్ని ఎక్కించుకుని తిరిగాను కదరా ఇన్నాళ్ళూ."

"కుడి కన్ను నిలబెట్టొచ్చు. మందులున్నాయి, ఇవాళే మొదలుపెడదాం. వ్యాను మాత్రం వద్దక్కా."

తల ఊపింది. వాదిస్తుందనుకుని అతను సిద్ధం చేసుకున్న మాటలన్నీ మిగిలిపోయాయి. "మరి ముందే చూపించుకుంటే ఈ ఎడమది ఆగేదా?"

ఈ ప్రశ్న ప్రతి కుటుంబం నుంచీ ఎవరో ఒకరు అడుగుతారు. జరిగిందాన్ని వదిలేద్దాం, ఉన్నదాన్ని కాపాడుకుందాం అని అతను మెత్తగా చెబుతాడు. చాలా మంచి సమాధానం, ఎవరూ తిరిగి అడగరు. దాన్ని ఈసారి నోట్లోకి రానివ్వలేదు.

"చాలావరకు ఆగేదక్కా."

"సరేలే. నీకు మాత్రం నిన్నే కదా తెలిసింది. తెలియగానే పరిగెత్తుకొచ్చావు" అంది అక్క, అతన్నే ఓదారుస్తున్నట్టు.

"నిన్న కాదు. నాలుగేళ్ళ కిందటే యంత్రం చెప్పింది, నా కన్ను పాడవుతోందని. నేను యంత్రాన్ని రిపేరు చేయించాను."

అక్కకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకి ముందు అదే వస్తుంది. "రిపేరు చేయించావా?" అని పొట్ట పట్టుకుని నవ్వింది. అతనూ నవ్వాడు. అద్దం తుడిపించిందీ, ఏసీ తిప్పించిందీ, డైరెక్టరు మెట్ల వెంట పారిపోయిందీ, పెట్టె మోసినాయన చూపించుకోమన్నదీ అన్నీ చెప్పాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.

"మరి ఇప్పుడది బాగానే పనిచేస్తోందా?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"అది ఎప్పుడూ బాగానే ఉందక్కా."

నవ్వు అక్కడ ఆగింది. తర్వాత ఏడ్చింది, చప్పుడు లేకుండా, చాలాసేపు. రోగుల కోసం పెట్టిన కాగితపు రుమాళ్ళ డబ్బా ఎప్పట్లాగే బల్ల మీద ఆమెకి ఎడమ చివర ఉంది. ఆమె మొహం ఎత్తకుండా కుడి చేత్తో బల్లంతా తడుముతోంది. అతను లేచి చుట్టూ తిరిగి వచ్చి, డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టాడు.